బుస మానేసిన బాయిలరు

జూన్ 2, సోమవారం
పెద్దాసుపత్రి, మగవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం

చెల్లాయ్,

ముందు నా మాట చెప్పి తర్వాత నీ మాట అడుగుతాను. ఎనిమిదేళ్ళ కిందట మీరు బట్టలుతికే కార్ఖానా తెరిచిన రోజున, నలుగురిలో, మీ ఆయన నన్ను కీడు పిట్ట అన్నాడు. అది నేను మర్చిపోలేదు. ముద్ద మింగుతున్నప్పుడు కూడా అడ్డం పడుతూనే ఉంది.

ఇంతకీ నేనన్నదేమిటి? "ఈ బాయిలరుని కనిపెట్టుకుని ఉండకపోతే ఇక్కడున్న వాళ్ళలో ఒక్కరూ మిగలరు" అన్నాను. అందులో తప్పేముంది? మా మిల్లువాళ్ళు పాతదని తీసేస్తే దాన్ని మీకు ఇప్పించిందీ నేనే, నా చేత్తో నిలబెట్టిందీ నేనే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అలాంటిదాని ముందు పీట వేసుకుని, ఆవిరి ఒత్తిడి చూపే గేజీ ముల్లు వంక చూస్తూ కూర్చున్నవాణ్ణి. దాని గుణం నాకు తెలియకపోతే ఇంకెవడికి తెలుస్తుంది? అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా నాకు కనపడింది. ఆ రోజు నుంచి మీ గడప తొక్కలేదు. ఆయన తన నోటితో "తప్పయింది బావగారూ" అనేదాకా తొక్కను.

నా మోకాలికి ఇనప రేకు వేశారు. చెప్పేదాకా మంచం దిగొద్దన్నారు. "ధైర్యంగా ఉంటే సగం నయమైనట్టే" అన్నాడు డాక్టరు. "అయితే మిగతా సగానికే డబ్బులు తీసుకో" అన్నాను. అప్పటి నుంచి నా మంచం దగ్గర ఎక్కువసేపు నిలబడడం లేదు.

నీ ఉత్తరం అందింది. చదివి భయమేసింది. నీకు పెళ్ళయిన నాటి నుంచి నీ ఉత్తరం ఏడుపుతో మొదలై ఏడుపుతో ముగుస్తుంది. మధ్యలో కాస్త తుమ్ములు, దగ్గులు. ఈసారి కాగితం నిండా నవ్వులే. చివర నవ్వే మొహం బొమ్మ కూడా గీశావు. ఎవరు పోయారు? వార్డుబాయి చేత ఫోను చేయించాను. ఆ నెంబరు ఇప్పుడు లేదంది.

అన్నీ వదిలెయ్. ఒక్కదానికి సరిగ్గా జవాబు రాయి. బాయిలరు బుసకొడుతోందా? లోపల ఆవిరి ఎక్కువైతే పైనున్న వాల్వు తనంతట తను తెరుచుకుని బుస్సుమని వదిలేస్తుంది. అది దానికి ఊపిరి. రోజుకొకసారైనా బుస వినపడాలి. వినపడుతోందా, లేదా?

ఇట్లు,
నువ్వు నవ్విన అన్నయ్య

———

జూన్ 6, శుక్రవారం

ఎల్లవేళలా ఉల్లాసంగా ఉండే అన్నయ్యకు,

నువ్వలా ఉండవని నాకు తెలుసు. ఉన్నట్టు రాస్తే ఉంటారని మాస్టారు చెప్పారు, అందుకని రాశాను.

ఎవరూ పోలేదన్నయ్యా. మా బతుకు మారింది, అంతే. మా వీధి చివర చెప్పుల కొట్టు పైగదిలో రోజూ సాయంత్రం తరగతులు జరుగుతున్నాయి. చెప్పే ఆయన్ని అందరూ చిరునవ్వు మాస్టారంటారు. ఇదివరకు గొడుగులమ్మేవారట. వాన వస్తుందేమోనని భయపడే మొహాలే చూసి చూసి ఆయనకి విసుగొచ్చి, భయం అనేదే మనిషికి శత్రువని కనిపెట్టారు. మంచే తలుచుకో, మంచే పలుకు, మంచే జరుగుతుంది. ఇంతే పాఠం. వినడానికి చిన్నదే, చేయడానికి ప్రాణం పోతుంది. (ఈ మాట అనకూడదు. తర్వాత అద్దం ముందుకెళ్తాలే.)

మా ఇంట్లో ఇప్పుడు "లేదు, కాదు, చెడింది, పోయింది" అనే మాటల్లేవు. అన్నవాళ్ళు అద్దం ముందు నిలబడి బుగ్గలు నొప్పెట్టేదాకా నవ్వాలి. మొదటి వారమంతా నేను అద్దంతోనే కాపురం చేశాను. ఇస్త్రీ చేసే పెద్దామె మాత్రం "అమ్మగారూ, ఒకసారి ఇంటికెళ్ళి ఏడ్చొస్తాను, ఇక్కడ కుదరడం లేదు" అని మధ్యాహ్నం కాసేపు వెళ్ళొస్తుంది. ఫోను తీయించేశాం. అది మోగిందంటే ఎవరికో ఒకరికి బాగాలేదనేగా.

అన్నీ శుభాలే. ఇస్త్రీ గదిలో గాలి బాగా ఆడుతోంది, కిటికీలకి అద్దాల అడ్డం తొలిగింది. నేల కూడా ఉత్సాహంగా ఉంది, నిలబడితే అరికాళ్ళకి గిలిగింతలు పెడుతోంది. మీ బావకైతే ఎంత శాంతి వచ్చిందో చెప్పలేను. మధ్యాహ్నం పూట చాప మీద వెల్లకిలా, కళ్ళు మూసుకుని, మొహంలో నవ్వు చెదరకుండా అలా ఉండిపోతారు. పిలిచినా పలకరు. తరగతివాళ్ళంతా వచ్చి చూసి వెళ్తున్నారు.

బుస సంగతి అడిగావు. మాస్టారు ఒకరోజు కార్ఖానా చూడ్డానికొచ్చి నిలబడ్డారో లేదో, అది బుస్సుమంది. ఆయన ఉలిక్కిపడి, తర్వాత నవ్వి, "ఇంట్లో ఒకటి ఇలా రోజూ విసుక్కుంటూ ఉంటే మీరెలా బాగుపడతారు?" అన్నారు. ఆ సాయంత్రమే మీ బావ వాల్వు మీది కడ్డీకి మన పాత ఇనప ఇస్త్రీపెట్టె వేలాడదీశారు. అంతే, ఇప్పటిదాకా కిక్కురుమంటే ఒట్టు. గేజీ గాజు మీద నవ్వే సూర్యుడి బొమ్మ అంటించారు. ఇదివరకు ముల్లు ఎర్రగీత దాటుతుందేమోనని చూసి చూసి బెంగపడేవారా, ఇప్పుడు అటు చూస్తే నవ్వొస్తుంది.

నువ్వు కూడా రోజూ పొద్దున్నే "నా మోకాలు నాకిష్టం" అనుకో.

చిరునవ్వుతో,
చెల్లాయి

———

జూన్ 9, సోమవారం
అదే మంచం

చెల్లాయ్,

మంట ఆర్పించు. ఉత్తరం తర్వాత చదువుకోవచ్చు. ముందు మంట.

నీ ఉత్తరం చదువుతూనే "మంట, మంట" అని అరిచాను. నర్సు చూసి జ్వరమనుకుంది. "జ్వరం కాదమ్మా, ఇస్త్రీపెట్టె" అన్నాను. ఆమె వెళ్ళి డాక్టరుతో చెప్పింది, ఆయన నా మత్తుబిళ్ళ తగ్గించాడు. ఇక్కడ నా మాట వినే దిక్కు లేదు. నువ్వన్నా విను.

ఉడుకుతున్న గిన్నె మీద మూత పెట్టి, ఆ మూత మీద ఎక్కి కూర్చున్నాడు మీ ఆయన. కడ్డీ మీద బరువు పెంచితే వాల్వు తెరుచుకోదు. తెరుచుకోకపోతే ఆవిరి ఎటు పోతుంది? పోదు. పెరుగుతుంది. ఇనుము ఓర్చుకున్నంత కాలం ఓర్చుకుంటుంది, ఓర్చుకోలేని రోజున చెప్పి పేలదు. మా మిల్లులో నాకు ముందు ఆ పీట మీద కూర్చున్నవాడు ఇలాంటి తెలివే చేశాడు. గోడ లేదు, కప్పు లేదు. వాడి చెప్పు ఒకటి రోడ్డుకి అవతల డాబా మీద దొరికింది. చెప్పు ఒకటే దొరికింది. ఆ తర్వాతే నన్ను పనిలో పెట్టుకున్నారు. మొదటి రోజు నాకిచ్చింది అతని పీటే.

కిటికీ అద్దాలు తొలిగాయి అంటే పగిలాయనేగా? నేల గిలిగింతలేమిటి నీ మొహం, అదురుతోంది. నాకు ఇక్కడ కళ్ళు మూస్తే ఆ అదురే మంచం కోళ్ళలోకి వస్తోంది. ఈ వయసులో నన్ను ఇలా భయపెట్టడం న్యాయమా?

ఇంకో సంగతి. మీ ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు, పలకడు, జనం వచ్చి చూసి పోతున్నారు అన్నావు. నిజం చెప్పు. పక్షవాతమా? మనిషి పోయాడా? పోతే పోయాడని రాయి. ఎంత పగ ఉన్నా చావుకి రానివాణ్ణి కాను నేను. లేవలేకపోతే ఇక్కడి నుంచే ఏడుస్తాను.

ఇస్త్రీపెట్టె తీయాలి, సూర్యుణ్ణి చింపాలి, ఆ గొడుగులాయన్ని గడప బయటే నిలబెట్టాలి. మొదట మంట.

అన్నయ్య

———

జూన్ 13, శుక్రవారం

ఆనందమూర్తి అయిన అన్నయ్యకు,

ఎంత మంచి ఉత్తరం రాశావన్నయ్యా! కాస్త చిన్నదే అనుకో.

బియ్యంలో రాళ్ళేరినట్టు, ఇంటికొచ్చిన ఉత్తరంలో చెడ్డమాటలు ముందు ఇంటి పెద్ద ఏరిపారేసి, మంచివి మాత్రమే పైకి చదవాలని మాస్టారు నియమం పెట్టారు. మీ బావే విప్పి చదివారు. నా చేతులకి గంజి, వింటూ కూర్చున్నాను. చదువుతూ మధ్యమధ్యలో ఆగి నీళ్ళు తాగారు. నుదుటికి చెమట కూడా పట్టింది. ఆనందంతోనేనట. తర్వాత కాగితం మడిచి పొయ్యిలో వేశారు. మంచిమాట నిప్పులో వేస్తే ఇల్లంతా పాకుతుందట.

"చెల్లాయ్, ఉత్తరం చదువుకోవచ్చు. మీ ఆయన ఎక్కి కూర్చున్నాడు. ఇనుము ఓర్చుకుంటుంది. నేను రానివాణ్ణి కాను." ఇవి నీ మాటలు. మీ బావని ఎక్కి కూర్చున్నాడని పొగిడావే, ఈ ఎనిమిదేళ్ళలో ఇదే మొదలు! పైగా వస్తానన్నావు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. అద్దం ముందుకి వెళ్ళాల్సి వచ్చింది.

సరిగ్గా సమయానికి వస్తానన్నావు. 22వ తేదీ ఆదివారం పొద్దున పదింటికి మన ఇస్త్రీ గదిలోనే పెద్ద సభ. భయాన్ని వదిలేసి బాగుపడిన కార్ఖానా అని మాస్టారు మనదే ఎంచుకున్నారు. తరగతివాళ్ళంతా ఇంటిల్లిపాదినీ తీసుకొస్తారట. ఇస్త్రీ బల్లలు గోడకి జరిపి కుర్చీలు వేయిస్తున్నాం. పని కూడా ఇప్పుడు చకచకా సాగుతోంది. ఇదివరకు ఆరపెట్టే గొట్టాల మీద దుప్పటి ఆరడానికి పట్టే సమయంలో ఇప్పుడు రెండు ఆరుతున్నాయి. ఒకటి కాస్త మాడింది కూడా.

చిరునవ్వుతో,
చెల్లాయి

బావగారికి నమస్కారాలు. మీ చెల్లాయి ఉత్తరం కింద ఈ ముక్క నేను రాస్తున్నాను. నేను పోలేదు. అది మనసుని నిశ్చలంగా ఉంచే సాధన. మీరు వస్తున్నందుకు సంతోషం. మీ కాలు చాపుకోవడానికి వీలుగా, వెచ్చదనం తగిలేలా, మీ కుర్చీ మొదటి వరసలో బాయిలరుకి ఎదురుగా వేయిస్తున్నాను.

———

జూన్ 16, సోమవారం
పెద్దాసుపత్రి, కిటికీ పక్క చల్లని మంచం

బంగారంలాంటి చెల్లాయికి, అంతకు రెట్టింపు బంగారమైన బావగారికి,

ఈ ఉత్తరంలో ఏరడానికి ఒక్క రాయి కూడా లేదు. బావగారు పై నుంచి కింది దాకా గట్టిగా చదవవచ్చు.

నేను మారిపోయాను. ఎంతలా అంటే, నిన్న నర్సు సూది గుచ్చితే "ఎంత చక్కగా గుచ్చావమ్మా" అన్నాను. ఆమె హడలిపోయి డాక్టర్ని పిలుచుకొచ్చింది. నా మోకాలు నాకిష్టం. ఇనప రేకు కూడా ఇష్టమే. పథ్యం కూడు చాలా ఇష్టం.

మీ బాయిలరు సంగతి. దాని గురించి నేను చెప్పడం కాదు, నలుగురూ చెబుతారు. సంప్రదాయం గలది. వంచిన తల ఎత్తదు. నోట్లో నాలుక లేదు. ఇంటి పనంతా ఒంటిచేత్తో చేసుకుపోతుంది. ఈడు కాస్త ఎక్కువైనా చూడ్డానికి తెలియదు. దాన్ని నిలబెట్టింది నేనని చెప్పుకోవడానికి గర్వంగా ఉంది.

పెద్ద సభ పెడుతున్నారు. పదిమందీ చూడవచ్చే వేళ మన పిల్ల, అంటే మన బాయిలరు, నెత్తిన బరువు మోస్తూ, చెమటలు కక్కుతూ కనపడితే ఇంటికి శోభగా ఉండదు. శుక్రవారం నుంచే మంట లేకుండా, ఒళ్ళు చల్లగా, కడ్డీ మీద ఏ పెట్టే లేకుండా, గేజీ మీద ఏ బొమ్మా లేకుండా, ఉన్నది ఉన్నట్టుగా కూర్చోబెడితే చూసినవాళ్ళు కళ్ళకద్దుకుంటారు. మంచివాళ్ళింట్లో ఇలాగే చేస్తారు. ఇది పెద్దవాడి ముచ్చట, కాదనకండి.

నాకు ఏ భయమూ లేదు. అంతా బాగుంది. బాగుంటుంది.

మీ మేలు కోరే,
అన్నయ్య, బావగారు

———

జూన్ 18, బుధవారం

మారిన మనిషి అన్నయ్యకు,

నీ ఉత్తరం మీ బావ ఒక్క మాట వదలకుండా చదివారు. రెండోసారి నిలబడి చదివారు. మూడోసారి తరగతిలో చదివారు. అందరూ చప్పట్లు కొట్టారట. మాస్టారు లేచి, "పుట్టినప్పటి నుంచి మంచిమాట ఎరగని మనిషే ఇలా మారితే, మారనిది ఏముంది?" అన్నారట. నీ ఉత్తరానికి అద్దం కట్టించడానికి ఇచ్చారు. ఆదివారం సభలో మొదట చదివేది అదే.

నువ్వు కోరిన ముచ్చట మాత్రం మాస్టారు మార్చారు. చల్లగా ఉంచడమంటే మనసులో ఇంకా కాస్త సందేహం మిగిలినట్టేనట. అందుకని ఆ రోజు బొగ్గు నిండా వేసి, నిండు మంట మీద బాయిలరుని చూపించి, దాని మీద చెయ్యి వేసి ఆయన మాట్లాడతారట. నీ గౌరవార్థం నిన్న కడ్డీకి రెండో ఇస్త్రీపెట్టె కూడా వేలాడదీశారు. దాని మీద "బావగారి ఆశీస్సులు" అని సుద్దముక్కతో రాశారు.

చిరునవ్వుతో,
చెల్లాయి

అన్నయ్యా, ఇక్కడి నుంచి కింది ముక్క ఆయన చూడలేదు. కవరు అంటించి డబ్బాలో వేసి రమ్మని నన్ను పంపారు, పోస్టాఫీసు బల్ల మీద రాస్తున్నాను.

నువ్వు నిజంగానే మారిపోయావా?

నాకు భయంగా ఉంది. నేలకి ఉత్సాహం కాదు, అదురే. నిలబడితే పళ్ళు కదులుతున్నాయి. అద్దాలు పగిలాయి, ఒకటి పెద్దామె భుజాన్ని కోసింది. అయినా నవ్వుతూ రాస్తూ వచ్చాను. ఎందుకంటే నువ్వు చదివి తిడతావని తెలుసు. ఎన్ని ఏరినా ఆయన చెవిన ఒక తిట్టన్నా పడుతుందని ఆశ. నువ్వొక్కడివి అటు వైపు ఉన్నావన్న ధైర్యంతో నేను ఇటు వైపు నవ్వాను. ఇప్పుడు నువ్వూ అంతా బాగుందంటే, భయం నాకేనేమో, నాకే మతి పోయిందేమో అనిపించింది. ఆ రెండో పెట్టె కట్టేటప్పుడు నిచ్చెన పట్టుకున్నది నేనే.

నీకెప్పుడూ చెప్పనిది ఒకటుంది. కార్ఖానా తెరిచిన రోజున "ఒక్కరూ మిగలరు" అన్నావు చూడు, ఆ మాటతో ఆయనకి నిద్ర లేకుండా పోయింది. కన్ను మూతపడేసరికి లేచి వెళ్ళి గేజీ చూసొచ్చేవారు. పడుకున్నట్టే పడుకుని మళ్ళీ లేచేవారు. మా అత్తగారికి చివరి రోజుల్లో కూడా దాన్ని వదిలి వెళ్ళలేదు. మనిషి సగమయ్యారు. నిన్ను కీడు పిట్ట అన్నది కోపంతో కాదన్నయ్యా, హడలిపోయి అన్నారు. ఈ తరగతులకి వెళ్ళాక మొదటిసారి ఆయన గురక విన్నాను. గోడకి ఆనుకుని కూర్చుని ఆ గురక వింటూ ఏడ్చాను. అది పోతుందేమోనని నోరు మూసుకున్నాను.

నన్ను తిట్టు. ఆయన్ని మళ్ళీ ఆ నిద్రలేని మనిషిని చేయకుండా ఎలాగో చెప్పు. నాకు తోచడం లేదు.

———

జూన్ 19, గురువారం
వార్డు

చెల్లాయ్,

నేను మారలేదు. అదంతా అబద్ధం. నా పక్క మంచం ఆయన పెళ్ళిళ్ళు కుదురుస్తాడు. నాకు మంచిమాటలు రావు, ఆయన చెబితే రాశాను. మీ ఆయన ఏరడానికి ఏమీ మిగలకపోతే ఆ కాస్త పనికొచ్చే ముక్కా నీ చెవిన పడుతుందనుకున్నాను. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చేయమన్నారు గానీ, ఒక బాయిలరు ఆర్పమనలేదు.

నీకు మతి పోలేదు. ఆ ఇంట్లో మతి ఉన్నది నీకూ, ఇంటికెళ్ళి ఏడ్చొచ్చే ఆ పెద్దామెకీ. నాకూ భయంగానే ఉంది. ఇంత భయం నాకెప్పుడూ లేదు. మిల్లులో భయమేస్తే లేచి చూసేవాణ్ణి. ఇక్కడ లేవలేను. పొద్దున నీ ఉత్తరం చదివి దిగబోయి పడ్డాను, ఇప్పుడు మంచానికి గుడ్డతో కట్టారు. బాయిలర్లు తనిఖీ చేసే ఆఫీసుకి వార్డుబాయిని పంపాను. సోమవారం వస్తామన్నారట. సోమవారం వచ్చి ఏం చూస్తారు, గొయ్యా?

అందుకని ఇది పోస్టులో వేయడం లేదు. ఆసుపత్రి ముందు ఆగే బస్సు డ్రైవరు నాకు తెలిసినవాడు. రేపు మధ్యాహ్నం నీ చేతికే ఇస్తాడు. నీ చేతికి గంజి ఉంటే కడుక్కునేదాకా నిలబడమన్నాను.

సాయంత్రం మీ ఆయన తరగతికి వెళ్ళగానే చెయ్యి. ముందు ఇస్త్రీవాళ్ళని ఇంటికి పంపు. సెలవని చెప్పు, ఎగిరి గంతేస్తారు. తర్వాత తడి బూడిద గంపెడు తీసుకుని పొయ్యిలో నిప్పు మీద మందంగా కప్పు. బొగ్గు బయటికి లాగకు. పొయ్యి కింద గాలి వెళ్ళే చిన్న తలుపు మూసెయ్. నీళ్ళు పెట్టకు. ఎంత వేడిగా ఉన్నా, చల్లనీళ్ళు పెడితే చల్లారుతుందిలే అనిపించినా సరే, లోపలికి నీళ్ళు పెట్టే పంపు జోలికి పోకు, కాలిన ఇనుము మీద నీళ్ళు పడితే అక్కడికక్కడే పేలుతుంది. వేడి మీద ఇస్త్రీపెట్టెలు కూడా ముట్టుకోకు, ఆవిరి మొహం మీద కొడుతుంది. బూడిద కప్పి, తలుపు మూసి, బయటికొచ్చి వీధిలో నిలబడు. అంతే. ఇది నీకు చేతనవుతుంది. చిన్నప్పుడు ఇంట్లో పొయ్యి ఆర్పి నిప్పు దాచింది నువ్వే, నాకా పని ఎప్పుడూ సరిగ్గా రాలేదు. ఇది అబద్ధం కాదు, పక్క మంచం ఆయన చెప్పిందీ కాదు.

మర్నాడు శనివారం మధ్యాహ్నానికి దాని ఒంటి మీద అరచెయ్యి ఆన్చి చూడు. చెయ్యి తీయకుండా ఉండగలిగితే అప్పుడు నిచ్చెన వేసి పెట్టెలు రెండూ దింపు.

తరగతి నుంచి వచ్చి ఆయన అడుగుతాడు. అప్పుడు నవ్వకు. అద్దం ముందుకి పొమ్మంటే పోకు. "నేనే ఆర్పాను, నాకు భయమేసింది" అను. తర్వాత కింది ముక్క ఆయనకి నువ్వు చదివి వినిపించు. కాగితం మాత్రం ఆయన చేతికివ్వకు, ఏరుతాడు.

"బావా, నువ్వు లేచి లేచి వెళ్ళి ముల్లు చూశావు కాబట్టే ఇన్నాళ్ళూ ఆ కార్ఖానాలో అందరూ బతికారు. మిల్లులో నాకు తెలిసిన వాళ్ళలో ఇంత శ్రద్ధగా చూసినవాడు లేడు. అది పిరికితనం కాదు. అది పని. కానీ ఆ పని ఒక్కడు చేసేది కాదు. మిల్లులో ఒకడు కూర్చుంటే ఒకడు పడుకునేవాడు. నీకు రెండోవాడు లేడు, అందుకే నిద్ర లేదు. మోకాలు వంగిన రోజున నేను వస్తాను. నువ్వు పడుకో, నేను చూస్తాను. నువ్వు నాకు తప్పయిందని చెప్పక్కర్లేదు. పీట ఒకటి కాస్త ఎత్తుగా చేయించు, నా కాలు మడవడం కష్టం. ఆదివారం సభ వీధిలో పెట్టుకోండి. వాన రాదని మాస్టారే పూచీ పడతాడు."

ఇంతే. నిజమేదో చెప్పాను, కోపమొస్తే రానీ.

శనివారం సాయంత్రం బస్సుకి నీ జవాబు నా మంచం దగ్గరికి రావాలి. డ్రైవరు మీ వీధి మొదట్లో ఆపుతాడు. బాగున్నాం, ఆనందంగా ఉన్నాం అని రాశావో, చదవకుండా చింపేస్తాను. చెయ్యి ఆనిందా, ఆనలేదా, అదొక్కటే రాయి. రాసినవాళ్ళు నువ్వేనని నాకు తెలియాలి, కాబట్టి కాస్త ఏడుస్తూ రాయి. శనివారం, చెల్లాయ్. ఆదివారం వచ్చే ఉత్తరం నాకొద్దు.

అన్నయ్య